నల్లాలన్నీ బంద్ చేసినా ప్రెషర్ పంపు ఆగట్లేదంటే, పంపు మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మిర్యాలగూడలో జీ ప్లస్ వన్ ఇల్లు, మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని పక్కన అర హెచ్‌పీ ప్రెషర్ పంపు, దానికి ప్రెషర్ స్విచ్చు, ప్రెషర్ నిలవుంచే చిన్న ఎర్ర ట్యాంకు. వేడినీళ్లకు గాజు గొట్టాల సోలార్, పై బాత్రూములో ఒక గీజరు. ఇన్నాళ్లూ నల్లా బంద్ చేయగానే పంపు ఆగేది, ఇప్పుడు రాత్రంతా మోగుతూనే ఉంది. ఎక్కడా నీళ్లు కారట్లేదు, తెల్లారి చూస్తే ట్యాంకులో నీళ్లు కూడా తగ్గలేదు. వచ్చిన మెకానిక్ పంపు పోయింది, కొత్తది వేయించుకోండి అన్నాడు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దన్నా. నాది నల్లగొండలో మోటారు వైండింగ్ షాపు, ఇలా "పోయింది" అని తెచ్చిన పంపుల్లో చాలావాటిని బల్ల మీద పెట్టి నీళ్లు పోసి తిప్పితే శుభ్రంగా పనిచేస్తాయి. పంపుకు తనంతట తాను ఆగడం రాదు. పైపులో ప్రెషర్ ఒక స్థాయికి పెరిగితే స్విచ్చు దాన్ని ఆపుతుంది, అంతే. ఆగట్లేదంటే ప్రెషర్ ఆ స్థాయికి చేరట్లేదు, లేదా చేరినా స్విచ్చుకు ఆ సంగతి తెలియట్లేదు. మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట "ట్యాంకులో నీళ్లు తగ్గలేదు" అన్నది. నీళ్లు ఇంట్లోంచి బయటికి పోతూ పంపు రాత్రంతా నడిచి ఉంటే, అర హెచ్‌పీ పంపుకు వెయ్యి లీటర్లు ఒక లెక్కా? తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అయ్యేది. తగ్గలేదంటే నీళ్లు తిరిగి తిరిగి ట్యాంకుకే పోతున్నాయి, లేదా అసలు కదలకుండా పంపు ఉత్తగా తిరుగుతోంది. కొత్త పంపు వేసినా మొదటిది అలాగే ఉంటుంది, రెండోది కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది.

ముందు ఒక పని చేయండి, ఈ రాత్రి నుంచే పంపు ఎంసీబీ ఆఫ్ చేసి పడుకోండి. బైపాస్ పైపు, అంటే పంపును తప్పించి ట్యాంకు నుంచి నేరుగా వచ్చే పైపు, ఉంటే ట్యాంకు ఎత్తు వల్ల వచ్చే సన్నధార కింది అంతస్తుకు సరిపోతుంది. అర హెచ్‌పీ అంటే 373 వాట్లు కదా అనుకుంటారు, అది షాఫ్టు దగ్గర లెక్క, మీటరు మీద పడేది 550, 600 వాట్ల దాకా ఉంటుంది. రోజంతా తిరిగితే 13, 14 యూనిట్లు. నెలకు 400 యూనిట్లు ఒక్క పంపే తాగేస్తుంది. మీకు గృహజ్యోతి జీరో బిల్లు వస్తుంటే 200 యూనిట్లు దాటిన నెలలో అది పోతుంది, మొత్తం యూనిట్లకు బిల్లు కట్టాలి. కరెంటు ఒక్కటే కాదు, నీళ్లు కదలకుండా పంపు గంటలకొద్దీ తిరిగితే లోపలి నీళ్లు కాగి సీలు పోతుంది, దాని పక్కన ఉన్న పీవీసీ పైపు మెత్తబడి జాయింటు ఊడుతుంది. అప్పుడు నిజంగానే పంపు మార్చాల్సి వస్తుంది.

ఇక పరీక్ష. పంపు డెలివరీ, అంటే నీళ్లు బయటికి తోసే పైపు మీద ఐదు మూతుల ఇత్తడి ఫైవ్‌వే ఉంటుంది, దానికే ప్రెషర్ చూపే గేజీ, స్విచ్చు, ఎర్ర ట్యాంకు పైపు తగిలించి ఉంటాయి. గేజీ పనిచేస్తోందా అని ముందు చూడండి, ఎంసీబీ ఆఫ్ చేసి కింద ఒక నల్లా విప్పితే ముల్లు దాదాపు సున్నాకు రావాలి. రాకపోతే గేజీ చచ్చింది, కొత్తది పెద్ద ఖర్చు కాదు, అది లేకుండా మిగతా పరీక్షంతా చీకట్లో రాయి వేసినట్టే. ముల్లు కదులుతుంటే ఇంట్లో నల్లాలన్నీ బంద్ చేసి, పంపు ఆన్ చేసి దగ్గరే నిలబడండి. మిక్సర్లు, జెట్ స్ప్రేలు కూడా బంద్ ఉండాలి. స్ప్రే మీట వదిలేస్తే చాలదు, గోడకున్న నల్లా తిప్పి బంద్ చేయాలి, ఎందుకో కిందకు వచ్చాక చెప్తా. ముల్లు ఎక్కడిదాకా లేచి ఎక్కడ నిలబడిందో చూడండి. సగం జబ్బు ముల్లే చెబుతుంది.

ముల్లు 2.8 బార్ (ప్రెషర్ కొలత) దాటి 3 వైపు పోయినా పంపు తిరుగుతూనే ఉంటే గొడవ స్విచ్చుదే. మన దగ్గర దొరికే స్విచ్చులు ఎక్కువగా 1.4 బార్ దగ్గర ఆన్, 2.8 బార్ దగ్గర ఆఫ్ అయ్యేలా కంపెనీ నుంచి వస్తాయి, అంటే 20, 40 పీఎస్ఐ. స్విచ్చు అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది, పైపులో ప్రెషర్ దానికి తెలిసేది ఆ దారిలోనే. బోరు నీళ్లు వాడే ఇంట్లో ఆ రంధ్రం ఉప్పు పెచ్చుతో మూసుకుపోతుంది. పైపులో ఎంత ప్రెషర్ ఉన్నా స్విచ్చుకు పాత ప్రెషరే కనబడుతుంది. ఎంసీబీ ఆఫ్ చేసి, నల్లా విప్పి ప్రెషర్ దించేసి, స్విచ్చు విప్పి ఆ రంధ్రంలో పిన్నీసు తిప్పండి, తెల్లటి పొడి రాలుతుంది. పొడి రాలకుండా శుభ్రంగా ఉంటే పైమూత తీసి కాంటాక్టులు చూడండి. నల్లగా కాలి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. గీకి మళ్లీ వాడొద్దు, స్విచ్చు మార్చేయండి. గీకిన కాంటాక్టు మళ్లీ అతుక్కుంటుంది, ఈసారి మీరు ఊరికి పోయినప్పుడు అతుక్కుంటుంది.

ఇక్కడ చిన్న ముచ్చట. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, పైపుల్లో పెచ్చు కూడా దానివల్లే అనుకుంటారు. పెచ్చు కట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. భగీరథ నీళ్లు వచ్చాక తాగే నీళ్ల సంగతి చాలా ఇళ్లలో మారింది గానీ మిద్దె మీది ట్యాంకులోకి ఇంకా బోరు నీళ్లే ఎక్కించే ఇళ్లు ఉన్నాయి. మీ నల్లా జాలీల మీద తెల్లగా పొర ఉంటే మీదీ అదే లెక్క, కింద చెప్పేవన్నీ దాన్ని మనసులో పెట్టుకుని చదవండి.

ముల్లు 2.4, 2.5 దగ్గరికి వచ్చి అక్కడే వణుకుతూ నిలబడి, పంపు ఆగకపోతే కొంచెం ఆలోచించాలి. నేను ఎక్కువగా చూసేది ఇదే, ఎక్కువమంది పంపు మార్చేది కూడా ఇక్కడే. పంపు మీది ప్లేటు తుడిచి హెడ్, అంటే నీళ్లను ఎంత ఎత్తుకు తోయగలదన్నది, ఎంత రాశారో చదవండి. పది మీటర్ల హెడ్ అంటే దాదాపు ఒక బార్. ప్లేటు మీద గరిష్ఠ హెడ్ 28 మీటర్లని ఉంటే, ఆ పంపు అన్నీ మూసుకుని ఎంత తోసినా కొత్తలోనే 2.8 బార్‌కు అటూఇటుగా ఆగుతుంది. పక్కనే ట్యాంకు కాబట్టి దాని ఎత్తు వల్ల కలిసేది 0.1, 0.2 బార్, అంతకన్నా ఉండదు. స్విచ్చేమో 2.8 దాటితేగానీ ఆపదు. అంటే మొదటి రోజు నుంచే అది అంచు మీద నడిచిన పంపు. ఇంపెల్లరు, అంటే లోపల నీళ్లను తోసే చక్రం, కాస్త అరిగినా, సక్షన్ (పంపు నీళ్లు లాగే వైపు) జాలీలో చెత్త పడినా, వోల్టేజీ తగ్గినా ఇక ఆ గీత దాటదు, రాత్రంతా దాటాలని చూస్తూనే ఉంటుంది.

వోల్టేజీ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 230 ఉండాల్సింది 180కి పడితే మోటారు తిప్పే బలం 60 శాతం చిల్లరకు పడిపోతుంది, చుట్లు తగ్గుతాయి, చుట్లు తగ్గితే ప్రెషర్ ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఊరి చివర లైను మీద ఉన్న ఇళ్లకు, యాసంగిలో బోర్లన్నీ నడిచే టైములో ఇది మామూలే. పంపు పగలు ఆగుతూ సాయంత్రం ఆగట్లేదంటే, లేదా మీ ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరిగే టైముకే ఈ గొడవ వస్తుంటే వోల్టేజీని అనుమానించండి. పది నిమిషాలు మల్టీమీటరు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇలా అంచు మీద నడిచే పంపుకు మందు కటాఫ్, అంటే స్విచ్చు పంపును ఆపే ప్రెషర్, కిందికి దించడం. స్విచ్చు మూత తీస్తే రెండు స్ప్రింగులు కనబడతాయి, పెద్దదాని నట్టు వదులు చేస్తే ఆన్, ఆఫ్ రెండూ కలిసి కిందికి దిగుతాయి. చిన్నది ఉంటే అది రెండింటి మధ్య తేడాను మారుస్తుంది, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. కరెంటు తీసేసి పెద్ద నట్టును అర చుట్టు తిప్పండి, మూత పెట్టండి, ఆన్ చేసి గేజీ చూడండి, మళ్లీ కావాలంటే ఇంకో అర చుట్టు. మీ పంపు నిలబడే ప్రెషర్‌కు కనీసం 0.3 బార్ కింద కటాఫ్ ఉండాలి. 2.5 దగ్గర నిలబడే పంపుకు 2.1, 2.2 పెట్టుకోండి. రెండంతస్తుల ఇంట్లో షవరుకు అది దండిగా సరిపోతుంది, ఇంకా ఎక్కువ పెడితే పాత జాయింట్లకు తప్ప ఎవరికీ లాభం లేదు. నట్టు తిప్పాక ఎర్ర ట్యాంకు గాలి కూడా సరిచూడాలి, పైపులో నీటి ప్రెషర్ సున్నాకు దించి, సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వు దగ్గర కొలిస్తే అది ఆన్ ప్రెషర్‌కు 2 పీఎస్ఐ తక్కువ ఉండాలి. ఆ వాల్వు పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు వస్తే లోపలి రబ్బరు చిరిగింది. దానివల్ల పంపు నల్లా విప్పిన ప్రతిసారీ టకటకా ఆన్ ఆఫ్ అవుతుంది గానీ రాత్రంతా తిరగదు, కాబట్టి మీ జబ్బు అది కాదు.

ఇక మూడోది, ముల్లు అసలు లేవకుండా అర బార్, ఒక బార్ దగ్గరే పడి ఉండడం. మీ ట్యాంకు తగ్గట్లేదు కాబట్టి నా అనుమానం ఎక్కువ దీనిమీదే. నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎక్కడ తిరుగుతున్నాయో పట్టుకోవాలి.

మొదట బైపాస్. కరెంటు లేనప్పుడు కూడా నీళ్లు రావాలని ట్యాంకు నుంచి పంపును తప్పించి ఒక పైపు వేసి, దాంట్లో ఒక ఎన్నార్వీ పెడతారు. పంపు తోసే నీళ్లు ఆ పైపులో వెనక్కి రాకుండా ఆపడం దాని పని. దాంట్లో చిన్న ఇసుక రేణువో ఉప్పు పెచ్చో ఇరుక్కుంటే మూత పూర్తిగా కూర్చోదు, పంపు తోసిన నీళ్లు బైపాస్‌లోంచి వెనక్కి వచ్చి మళ్లీ పంపులోకే పోతాయి. పంపు తోస్తుంది, అవే నీళ్లు తాగుతుంది, మళ్లీ తోస్తుంది. చుక్క బయటికి పోదు, ప్రెషర్ పెరగదు, పంపు ఆగదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ సరిపోతాయి. పంపు తిరుగుతుండగా బైపాస్ పైపును గట్టిగా పట్టుకోండి, నల్లాలన్నీ బంద్ ఉన్నప్పుడు ఆ పైపులో నీళ్లు కదలకూడదు. సన్నగా జివ్వుమంటూ వణుకు తెలిస్తే, లేదా అరగంట తిరిగాక ఆ పైపు గోరువెచ్చగా ఉంటే దొంగ దొరికినట్టే. బైపాస్‌కు బాల్ వాల్వు ఉంటే మూసి చూడండి, ముల్లు సర్రున లేచి పంపు టక్కున ఆగితే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఆ ఎన్నార్వీని విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. ఇత్తడి బిళ్ల, దాని వెనక స్ప్రింగు, బిళ్ల కూర్చునే చోట నల్ల రబ్బరు. రబ్బరు మీద ఉంగరంలా గీత పడి, ఆ గీతలో ఒకచోట బియ్యపు నూకంత తెల్లటి పెచ్చు ఉంటుంది. అంత చిన్న సందు చాలు, పంపును తెల్లార్లూ తిప్పడానికి. పెచ్చు ఒక్కటే ఉండి రబ్బరు బాగుంటే నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో గంట నానబెట్టి మెత్తటి బ్రష్షుతో తోమితే పనిచేస్తుంది. రబ్బరు చీలితే కొత్తది వేయండి, కొన్ని వందల్లో పని. బాణం గుర్తు నీళ్లు పోయే వైపే ఉండాలి, తిరగేసి బిగించినవి కూడా నా దగ్గరికి వచ్చాయి. బైపాస్‌కు బాల్ వాల్వు లేకపోతే ఈ పనిలోనే ఒకటి పెట్టించండి, ముందుముందు పరీక్షకు పనికొస్తుంది.

బైపాస్ మూసినా ముల్లు లేవకపోతే సోలార్ వైపు చూడాలి. ఈ సంగతి చాలామంది ప్లంబర్లకు కూడా తట్టదు. గాజు గొట్టాల సోలార్ మామూలుగా ప్రెషర్ లేకుండా నడిచేది, ట్యాంకు నుంచి చల్లనీళ్లు దాని ఎత్తుకే దిగుతాయి, పైన గాలి పైపు తెరిచి ఉంటుంది. మీ ఇంట్లో చల్లనీళ్ల లైనుకు పంపు ప్రెషర్ ఉంది, వేడినీళ్ల లైనుకు లేదు. రెండూ కలిసేది మిక్సర్ నల్లాలో. మిక్సరుకు జెట్ స్ప్రే తగిలించి, నల్లా విప్పే ఉంచి, స్ప్రే మీట వదిలేశారనుకోండి. నీళ్లు బయటికి రావు గానీ లోపల చల్ల లైను, వేడి లైను ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. పంపు ప్రెషర్ చల్లనీళ్లను వేడి లైనులోకి తోస్తుంది, అవి ఎదురెక్కి సోలార్ ట్యాంకుకు చేరి, అక్కడి నుంచి చల్లనీళ్ల పైపులోంచి మళ్లీ పెద్ద ట్యాంకులోకి వచ్చేస్తాయి. మిక్సరు లోపల నీళ్లను తెరిచి మూసే కార్ట్రిడ్జి అరిగినా ఇంతే, బంద్ చేసినట్టే కనబడుతుంది గానీ లోపల దారి ఉంటుంది. ఈ మధ్య సోలార్ నీళ్లు తెల్లారేసరికి చల్లబడుతున్నాయా? గాలి పైపు కింద స్లాబు మీద తడిగానో పాచిగానో ఉందా? ఉంటే ఇదే. సోలార్ నుంచి కిందికి దిగే వేడినీళ్ల వాల్వు మూయండి, పంపు ఆగిందంటే దారి దొరికింది. ఆ తర్వాత ఒక్కో మిక్సరు కింద ఉన్న యాంగిల్ కాక్‌లు (చిన్న వాల్వులు) మూసుకుంటూ పోతే ఏ బాత్రూమో తెలుస్తుంది.

దీనికి వేడినీళ్ల లైనులో ఎన్నార్వీ వేయాలి, కానీ స్ప్రింగుది వేయొద్దు. సోలార్ నీళ్లకు ఉండేదే కాస్తంత ఎత్తు, ఆ బలం స్ప్రింగును తోయడానికే సరిపోతుంది, షవరులో నీళ్లు చుక్కలుగా పడతాయి. రెక్క టైపుది వేయాలి, అదీ అడ్డంగా పోయే పైపులోనే. పైనుంచి కిందికి దిగే పైపులో రెక్క తెరుచుకునే ఉండిపోతుంది, వేసినా వేయనట్టే. ఎట్టి పరిస్థితుల్లోనూ సోలార్ గాలి పైపుకు మూత పెట్టొద్దు, సోలార్ ట్యాంకుకు పంపు లైను కలపొద్దు, అది ప్రెషర్‌కు చేసిన ట్యాంకు కాదు, ఉబ్బి చీలిపోతుంది. గీజరు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతుంటే దానికి బిరడా కొట్టేవాళ్లను చూశాను. అది ప్రాణం మీదికి తెచ్చే పని, ఎవరు చెప్పినా చేయొద్దు.

ముల్లు సున్నాకు దగ్గర్లోనే ఉండి పంపు గరగరమంటే సక్షన్‌లో గాలి పట్టింది, లేదా ట్యాంకు అవుట్‌లెట్ జాలీ మూసుకుపోయింది. ప్రైమింగ్ బిరడా (పంపులో నీళ్లు నింపే చోటి మూత) విప్పి నీళ్లు పోసి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా పంపును ఒంటరిగా చేసి, అంటే డెలివరీ మీద బైపాస్ కలవడానికి ముందున్న వాల్వు మూసి తిప్పితే, ముల్లు ప్లేటు మీద రాసిన హెడ్‌లో మూడింట రెండు వంతులు కూడా రాకపోతే, వోల్టేజీ కూడా 220 పైనే ఉంటే, అప్పుడు ఇంపెల్లరు అరిగిందని నేనూ ఒప్పుకుంటా. ఈ పరీక్ష నిమిషం మించి చేయొద్దు, నీళ్లు కాగుతాయి. వాల్వు అక్కడ కాకుండా బైపాస్ కలిశాక ఉంటే ముందు బైపాస్ మూసి చేయండి. అప్పుడైనా ఇంపెల్లరు, సీలు మార్పించండి, వైండింగ్ బాగున్నంతకాలం కొత్త పంపు ఖర్చు దండగ.

మీ మెకానిక్‌ను నేను తప్పు పట్టను. ఒకేరోజు నాలుగు ఇళ్లు తిరిగేవాడికి మిద్దె మీద నిలబడి గేజీ చూసే తీరిక ఉండదు. అందుకే ఆ పని మీరు చేయమంటున్నా, విప్పే పని చేతకాకపోతే అతన్నే మళ్లీ పిలిచి ఫలానా చోట విప్పు అని చెప్పండి. వైర్లు ముట్టే ముందు ఎంసీబీ ఆఫ్ చేసి టెస్టరుతో చూసుకోండి, మిద్దె మీద తడి స్లాబు మీద చెప్పుల్లేకుండా ఆ పని అసలే చేయొద్దు, పంపుకు ఎర్తు ఉందో లేదో కూడా ఈ పనిలోనే చూసేయండి.

ముల్లు ఎక్కడ నిలబడింది, ప్లేటు మీద హెడ్ ఎంత, బైపాస్ మూస్తే ఏమైంది, ఈ మూడూ రాయండి. వీలైతే రాత్రి ఏడు ఎనిమిది మధ్య వోల్టేజీ కూడా. తర్వాత ఏం విప్పాలో అప్పుడు చెప్తా.